ప్రజాస్వామ్యాన్ని సంగీతంతో పోలిస్తే: ఎలా చదవాలి, ఎలా రాయాలి

ప్రజాస్వామ్యం గురించి రాసేవాళ్ళు, మాట్లాడేవాళ్ళు ఎక్కడో ఒకచోట సంగీతంలోకి వెళ్ళిపోతారు. దేశం ఒక ఆర్కెస్ట్రా అంటారు, భిన్న స్వరాల సమ్మేళనం అంటారు, ప్రజల గొంతుక అంటారు, అడ్డం తిరిగినవాడు అపశ్రుతి పలికాడంటారు, నాయకుడి వెనక ఉన్నవాళ్ళు వంత పాడుతున్నారంటారు. చెవికి ఇంపుగా ఉంటుంది కాబట్టి మనం కూడా తలాడించేసి తర్వాతి వాక్యానికి వెళ్ళిపోతాం. కానీ ఆ పోలిక లోపల ఎప్పుడూ ఒక రాజకీయ వాదన ఉంటుంది: ఎవరు పాడాలి, ఎవరు ఆగాలి, ఎవరు చెయ్యెత్తితే అందరూ మొదలుపెట్టాలి అని. ఆ వాదనను బయటికి లాగడం ఎలాగో, మీరే రాస్తున్నప్పుడు అలాంటి పోలికను ఎక్కడ వాడొచ్చో, ఎక్కడ వాడకూడదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాజనీతి శాస్త్రం చదివేవాళ్ళకి, వ్యాసాలు రాసేవాళ్ళకి, ప్రసంగాలు శ్రద్ధగా వినేవాళ్ళకి పనికొస్తుంది. సంగీతం వచ్చి ఉండక్కర్లేదు.

ముందుగా తేల్చుకోవాల్సింది, మీ ఎదురుగా ఉన్నది పోలికా, నిజమైన సంగీతం గురించిన మాటా అన్నది. ఈ రెండూ ఒకే పుస్తకంలో, ఒక్కోసారి ఒకే పేజీలో కలిసిపోయి ఉంటాయి. ప్లేటో 'రిపబ్లిక్' దీనికి మంచి ఉదాహరణ. మూడో భాగంలో డోరియన్, ఫ్రిజియన్ స్వరక్రమాలు ఉంచి, ఏడుపు పాటలకు వాడే లిడియన్ రకాలను నగరంలోంచి తీసేయమంటాడు. అది నిజమైన సంగీతం మీద నిజమైన నిషేధం. నాలుగో భాగంలో, సంగీత పద్ధతులు మారితే నగరపు మూల చట్టాలు కూడా కదులుతాయని డేమన్ అనే సంగీతజ్ఞుడి మాటగా చెప్పిస్తాడు. అది కార్యకారణాల గురించిన వాదన. అదే నాలుగో భాగంలో, నిగ్రహం అంటే బలహీనులు, బలవంతులు, మధ్యవాళ్ళు అందరూ కలిసి ఒకే పాట పాడటం లాంటిది అంటాడు. ఇది పోలిక. మొదటిదాన్ని విమర్శించాలంటే సెన్సార్ గురించి మాట్లాడాలి, రెండోదానికి రుజువు అడగాలి, మూడోదానికి మాత్రమే నేను కింద చెప్పబోయే ప్రశ్నలు వర్తిస్తాయి. మూడూ కలిపేసి 'ప్లేటో సంగీతానికి చాలా విలువిచ్చాడు' అని రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు.

నిజమైన పాట ఎటువైపైనా పనిచేస్తుందని కూడా గుర్తుపెట్టుకోండి. బీథోవెన్ తొమ్మిదో సింఫనీలోని ఆనందగీతం బాణీని 1972లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ తన గీతంగా తీసుకుంది, భాషలు అనేకం కాబట్టి మాటలు లేకుండా. అదే బాణీని 1974లో, నల్లజాతి మెజారిటీని అధికారానికి దూరంగా ఉంచిన రోడీషియా (ఇప్పటి జింబాబ్వే) ప్రభుత్వం జాతీయగీతం చేసుకుంది. కాబట్టి 'ఈ సంగీతంలోనే ప్రజాస్వామ్యం ఉంది' అని ఎవరైనా రాస్తే, ఆ మాటను అక్కడే ఆపి నిలదీయండి.

పోలికే అని తేలాక మొదటి ప్రశ్న: పాట ముందే రాసి ఉందా? నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఆర్కెస్ట్రా అనగానే వాయించేవాళ్ళ ముందు ఒక కాగితం ఉంటుంది, దానిమీద ప్రతి స్వరం ఎవరో ముందే రాసిపెట్టారు, వాద్యకారులు ఎంత గొప్పవాళ్ళయినా ఆ రాసింది మార్చలేరు. దేశాన్ని ఆర్కెస్ట్రా అన్నవాడు, తనకు తెలిసో తెలియకో, పౌరులు రాగం ఎంచుకోరు, వాయిస్తారు అంతే అని కూడా అంటున్నాడు. హొరేస్ కాలెన్ అనే అమెరికన్ తత్వవేత్తకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. వలస వచ్చినవాళ్ళంతా కరిగి ఒకే అచ్చులోకి రావాలన్న వాదనకు జవాబుగా ఆయన 1915లో 'ది నేషన్' పత్రికలో రాసిన వ్యాసంలో, అమెరికా మానవజాతి ఆర్కెస్ట్రా కావాలన్నాడు, ఒక్కో జాతి సమూహం ఒక్కో వాద్యం. కానీ వెంటనే ఒక తేడా చెప్పాడు: సింఫనీ వాయించడానికి ముందే రాసి ఉంటుంది, నాగరికత అనే సింఫనీలో మాత్రం వాయించడమే రాయడం. ఈ ఒక్క వాక్యం లేకపోతే ఆయన పోలిక మామూలు అలంకారంగా మిగిలిపోయేది. మంచి రచయిత తన పోలిక ఎక్కడ పనిచేయదో తనే చెబుతాడు, చదివేటప్పుడు అలాంటి వాక్యం కోసం వెతకండి.

అదే ఏడాది ఇంకో అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ కాలెన్‌కి ఉత్తరం రాస్తూ, ఆర్కెస్ట్రా ఆలోచన నాకూ నచ్చింది, కానీ నిజంగా సింఫనీ రావాలి, రకరకాల వాద్యాలు ఒకేసారి ఎవరిది వారు వాయించుకోవడం కాదు అన్నాడు. ఇద్దరూ ఒకే పోలిక వాడుతున్నారు, ఇద్దరి భయాలూ వేరు. అందరూ ఒకే వాద్యం అయిపోతారని కాలెన్ భయం, ఎవరూ ఎవరినీ వినరని డ్యూయీ భయం. పోలిక ఒకటే కదా అని ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తే అసలు చర్చ పోతుంది. ఇంకో విషయం, కాలెన్ ఆర్కెస్ట్రాలో నల్లజాతివాళ్ళకు దాదాపు చోటే లేదు, ప్రధానంగా యూరప్ నుంచి వచ్చినవాళ్ళ గురించే ఆయన రాశాడు. అందుకే ఆర్కెస్ట్రా అన్న మాట కనిపించినప్పుడల్లా రచయిత పేర్లు చెప్పిన వాద్యాలను ఒక కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాత ఆ దేశంలో ఆ రోజు ఎవరెవరు ఉన్నారో పక్కన రాసుకోండి. రెండు జాబితాల మధ్య తేడాలోనే చాలాసార్లు మీ వ్యాసం దొరుకుతుంది.

రెండో ప్రశ్న కండక్టర్ గురించి, అంటే ఆర్కెస్ట్రా ముందు నిలబడి చిన్న పుల్లతో వాద్యకారులందరినీ నడిపించేవాడి గురించి. మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో, ఒంటరిగా వయొలిన్ వాయించేవాడు తనకు తనే కండక్టర్, ఆర్కెస్ట్రాకి మాత్రం వేరే కండక్టర్ కావాలి అంటాడు. మూడో సంపుటంలో దానికి ఇంకో ముక్క కలుపుతాడు, కండక్టర్ వాద్యాలకు యజమాని కానక్కర్లేదని. ఇక్కడ పోలిక నిజంగా పనిచేస్తోంది చూడండి, సమన్వయం చేయడం వేరు, సొంతం చేసుకోవడం వేరు అన్న తేడాను అది కళ్ళకు కట్టిస్తోంది. ఇప్పుడు 1918లో లెనిన్ ఏం చేశాడో చూడండి. పనిచేసేవాళ్ళలో చైతన్యం, క్రమశిక్షణ సంపూర్ణంగా ఉంటే ఒకరి మాటకు లోబడటం కండక్టర్ మృదువైన నడిపింపులా ఉంటుంది, అవి లేకపోతే అదే నియంతృత్వపు కఠిన రూపం తీసుకోవచ్చు అని రాశాడు. కండక్టర్ చేతిలో ఉన్నది మొదటి సగంలో చిన్న పుల్ల, రెండో సగంలో కర్ర. మీరు చదివే పాఠంలో కండక్టర్ ఎప్పుడు ఎవరి చేత ఎన్నికయ్యాడు, బాగా చేయకపోతే అతన్ని దింపేదెవరు అని అడగండి. జవాబు ఉండదు, ఎందుకంటే కచేరీ మధ్యలో కండక్టర్‌ని మార్చే ఆనవాయితీ సంగీతంలో లేదు. ప్రజాస్వామ్యానికి ఆ ఆనవాయితీ ప్రాణం. 'నాయకుడు కండక్టర్ లాంటివాడు' అనే మాట ఎంత మర్యాదగా చెప్పినా నాకు భయమేస్తుంది.

కండక్టర్ లేకుండా కుదరదా అంటే కుదురుతుంది, చేసి చూపించారు కూడా. 1922లో మాస్కోలో పెర్సింఫాన్స్ అనే ఆర్కెస్ట్రా కండక్టర్ లేకుండా మొదలై 1932 దాకా నడిచింది. వాద్యకారులు ఒకరి కళ్ళు ఒకరికి కనబడేలా గుండ్రంగా కూర్చునేవారు, కొందరి వీపు ప్రేక్షకుల వైపు ఉండేది. న్యూయార్క్‌లో 1972లో మొదలైన ఆర్ఫియస్ ఛాంబర్ ఆర్కెస్ట్రాకీ కండక్టర్ లేడు, ఒక్కో కృతికి ఒక్కొక్కరు నాయకత్వం వహిస్తారు. ఇలాంటి ఉదాహరణ దొరికితే చంకలు గుద్దుకోకుండా లోపలికి వెళ్ళి చూడాలి. ఆర్ఫియస్‌లో ముందు ఒక చిన్న బృందం కూర్చుని కృతిని ఎలా వాయించాలో ఆలోచిస్తుంది, తర్వాతే అది అందరి ముందుకు వచ్చి చర్చ అవుతుంది. అంటే అక్కడ కూడా ముసాయిదా తయారుచేసే కమిటీ ఉంది, ప్రాతినిధ్యం ఉంది, ఆ కమిటీలో ఎవరుండాలన్న ప్రశ్న ఉంది. కండక్టర్ లేని ఆర్కెస్ట్రా అంటే అధికారం మాయమైపోయిన చోటు అని రాయకండి, అధికారం వంతులవారీగా తిరిగే చోటు అని రాయండి. అది నిజం, పైగా ప్రజాస్వామ్యానికి ఎక్కువ పనికొచ్చే మాట.

మూడోది, ఎవరికి ఏ వాద్యం ఎలా వచ్చింది. ప్లేటో నగరంలో ఎవరి పని వాళ్ళ స్వభావంలో ఉంటుంది, కొందరిలో బంగారం, కొందరిలో వెండి, కొందరిలో ఇనుము పుట్టుకతోనే కలిసి ఉన్నట్టు. పాట అందరిదీ అయినా, ఎవరి స్థానం వాళ్ళది. అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో వచ్చిన న్యాయ సిద్ధాంత గ్రంథంలో ఆర్కెస్ట్రానే తీసుకుని దీన్ని తిరగేశాడు: ఏ వాద్యమైనా సమానంగా నేర్చుకోగలిగినవాళ్ళంతా, పైకి చెప్పుకోకుండానే ఒక ఒప్పందానికి వచ్చినట్టు ఒక్కొక్కరు ఒక్కో వాద్యం ఎంచుకుని, అందరి శక్తులూ కలిసి ఒకే కచేరీలో వెల్లడయ్యేలా వాయిస్తారని ఊహించమంటాడు. తేడా అంతా 'ఏదైనా నేర్చుకోగలిగినవాళ్ళు' అన్న షరతులో ఉంది. అది తీసేస్తే రాల్స్ పోలిక వెంటనే ప్లేటో పోలిక అయిపోతుంది. మీరు చదివే చోట ఆ షరతు ఉందా లేదా చూడండి, 'ఎవరి పాత్ర వారు పోషిస్తే దేశం సంగీతమవుతుంది' లాంటి వాక్యాల్లో అది సాధారణంగా ఉండదు.

తప్పు స్వరం సంగతి. సామరస్యం అన్న మాటను పొగడ్తగా వాడేవాళ్ళంతా అరిస్టాటిల్ 'పాలిటిక్స్' రెండో భాగం చదవాలి. నగరం మరీ ఒకటైపోవాలని చూస్తే అది నగరంగా మిగలదు, స్వరాల కలయికను ఒకే స్వరంగా, లయ మొత్తాన్ని ఒకే దెబ్బగా మార్చినట్టు అవుతుంది అంటూ ఆయన ప్లేటోకి జవాబిస్తాడు. రోమన్ రచయిత సిసిరో కూడా నగరంలోని సమ్మతిని వేర్వేరు స్వరాలు కలిసే పాటతో పోల్చాడు, కానీ ఆ స్వరాలు పై, మధ్య, కింది వర్గాలు, అవి ఉన్న చోటే ఉంటాయి. భిన్నత్వం ఉంది కదా అని సంబరపడితే సరిపోదు, ఆ భిన్నత్వానికి స్థానం మారే వీలుందా అని అడగాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ కాలపు గ్రీకు సంగీతంలో ఈనాటి సింఫనీల్లో వినిపించే కార్డుల (ఒకేసారి కలిపి పలికించే కొన్ని స్వరాల) వ్యవస్థ లేదు, వాళ్ళ మనసులో ఉన్నది ఎక్కువగా తీగలను ఒకదానికొకటి సరిపడేలా శ్రుతి చేయడం. కాబట్టి ప్లేటో వాక్యం చదువుతూ వంద వాద్యాల ఆర్కెస్ట్రాను ఊహించుకుంటే, ఆయన చెప్పనిది మీరు చెప్పించినట్టవుతుంది.

శ్రుతి అనగానే ఒక చిన్న లెక్క, దయచేసి ఇది దాటేయకండి. స నుంచి ప (పంచమం) దూరం శుద్ధంగా ఉండాలంటే వాటి కంపనాల నిష్పత్తి 3:2 ఉండాలి. అలా పన్నెండు సార్లు పైకి వెళ్తే ఏడు స్థాయిల పైనున్న స దగ్గరికి చేరాలి, కానీ చేరం: 3:2ని పన్నెండు సార్లు గుణిస్తే దాదాపు 129.75 వస్తుంది, స్థాయికి రెండింతల చొప్పున ఏడు స్థాయిలు లెక్కిస్తే 128. ఆ మిగులును ఎక్కడో సర్దాలి. పియానోలకు ఈనాడు వాడే పద్ధతిలో దాన్ని పన్నెండు పంచమాలకూ సమానంగా పంచుతారు, ఒక్కోటి దాదాపు 2 సెంట్లు తగ్గుతుంది, పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు అనుకుంటే. చెవి పట్టించుకోదు. కానీ అదే ఏర్పాటులో 5:4 ఉండాల్సిన గాంధారం దాదాపు 14 సెంట్లు పైకి జరిగిపోతుంది. అంటే అందరికీ సమానంగా పంచామని చెప్పుకున్న సర్దుబాటు భారం పంచమం మీద కొంచెం, గాంధారం మీద ఏడింతలు. సామరస్యం సహజంగా దొరుకుతుందని ఎవరైనా రాస్తే ఈ లెక్క పక్కన పెట్టండి. సామరస్యాన్ని ఎవరో శ్రుతి చేశారు, దానికి ఖర్చు ఉంది, ఆ ఖర్చు అందరి మీదా ఒకేలా పడలేదు. నాకు తెలిసినంతలో ప్రజాస్వామ్యంలోని రాజీల గురించి సంగీతం చెప్పగలిగిన అత్యంత నిజాయితీ గల మాట ఇదే, విచిత్రంగా దీన్ని వాడేవాళ్ళు తక్కువ.

ఇక శ్రోతలు. కచేరీలో వినేవాడు టికెట్ కొనుక్కుని ఊరికే కూర్చుంటాడు, ప్రజాస్వామ్యంలో అలాంటి కుర్చీ లేదు. ప్లేటోకి ఇది బాగా తెలుసు, ఆయనకు నచ్చలేదు కూడా. 'లాస్' మూడో భాగంలో, ఒకప్పుడు నిశ్శబ్దంగా విన్న ప్రేక్షకులు ఏది బాగుందో తామే తేలుస్తామని గోల మొదలుపెట్టారని, సంగీతంలో మొదలైన ఈ ప్రేక్షకపాలన అధికారుల మాట, పెద్దల మాట, చివరికి చట్టం మాట వినకపోవడం దాకా పోయిందని ఫిర్యాదు చేస్తాడు. అరిస్టాటిల్ దీనికి ఎదురుగా నిలబడతాడు. 'పాలిటిక్స్' మూడో భాగంలో సంగీతాన్ని, కవిత్వాన్ని ఒక్కడి కంటే చాలామంది కలిసి మెరుగ్గా అంచనా వేస్తారు, ఒకరికి ఒక భాగం, ఇంకొకరికి ఇంకో భాగం తెలుస్తుంది, అందరికీ కలిపి మొత్తం తెలుస్తుంది అంటాడు. సామాన్యుల తీర్పు మీద నమ్మకానికి దొరికే పాత వాదనల్లో ఇది ముఖ్యమైనది, అది సంగీతం వినేవాళ్ళ ఉదాహరణ మీద నిలబడి ఉంది. వినడం కూడా రాజకీయ పనే అన్న ఆలోచనను మన కాలంలో రాజకీయ సిద్ధాంతకర్త సుసాన్ బిక్‌ఫర్డ్ 1996లో వచ్చిన తన పుస్తకంలో ముందుకు తెచ్చింది, ఎదుటివాడితో ఏకీభవించకుండానే శ్రద్ధగా వినడం గురించి. మీరు రాసేటప్పుడు 'గొంతుక' అన్న చోటల్లా 'చెవి ఎవరిది' అని పక్కన రాసుకోండి. గొంతు ఇచ్చామని చెప్పుకునే ఏర్పాట్లు చాలా ఉంటాయి, వినక తప్పని ఏర్పాట్లు తక్కువ.

ఈ ప్రశ్నలన్నీ ఒకచోట సాధన చేయాలంటే లింకన్ 1861 మార్చి 4న చేసిన మొదటి ప్రమాణ స్వీకార ప్రసంగం ముగింపు తీసుకోండి. దానికి రెండు రూపాలున్నాయి కాబట్టి సాధనకు ఇంతకంటే మంచిది దొరకదు. లింకన్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి కాబోతున్న సెవార్డ్ ఇచ్చిన చిత్తులో, యుద్ధభూముల నుంచి, దేశభక్తుల సమాధుల నుంచి హృదయాల గుండా సాగే మార్మికమైన తీగలు, దేశాన్ని కాచే దేవత ఊపిరి సోకగానే తమ పురాతన సంగీతంలో మళ్ళీ శ్రుతి కలుస్తాయి అని ఉంది. లింకన్ దాన్ని తిరగరాశాడు. తీగలు ఇప్పుడు జ్ఞాపకాల తీగలయ్యాయి. వాటిని తాకేది బయటి దేవత కాదు, మన స్వభావంలోనే ఉన్న మంచితనం. పురాతన సంగీతం పోయి, సమైక్య రాష్ట్రాల బృందగానం ఉప్పొంగుతుంది అన్న మాట వచ్చింది. ప్రశ్నలు ఒక్కొక్కటిగా పెట్టండి. పాట ముందే ఉందా? సెవార్డ్‌లో ఉంది, లింకన్‌లో ఇంకా పుట్టాలి. కండక్టర్ ఎవరు? ఒకచోట పైనుంచి వచ్చిన దేవత, ఇంకోచోట పౌరుల మనసు. తీగలు ఎక్కడ కట్టి ఉన్నాయి? రెండింటిలోనూ సమాధులకే, అంటే ఈ దేశం కోసం పోరాడినవాళ్ళుగా ఎవరిని లెక్కిస్తున్నారో వాళ్ళకి. బానిసత్వంలో ఉన్నవాళ్ళ గొంతు ఎక్కడ? లేదు. అదే ప్రసంగంలో, బానిసత్వం ఉన్న రాష్ట్రాల్లో దాని జోలికి వెళ్ళే ఉద్దేశం తనకు లేదని లింకన్ చెప్పాడు. ఏప్రిల్ 12న ఫోర్ట్ సమ్టర్ అనే కోట మీద ఫిరంగులు పేలాయి, అంతర్యుద్ధం మొదలైంది. అంత అందమైన వాక్యం ఎందుకు పనిచేయలేదని కాదు అడగాల్సింది, అందులో ఎవరిని కలపాలనుకున్నాడు, ఎవరిని కలపలేదు అని.

జాజ్ గురించి రెండు మాటలు, ఎందుకంటే ఇప్పుడు అందరూ అక్కడికే వెళ్తున్నారు. ముందే రాసిన పాట సమస్యకు అది మంచి జవాబు: పంచుకున్న చట్రం ఉంటుంది, దానిమీద ఒక్కొక్కరు అప్పటికప్పుడు తమ మాట చెప్తారు, మిగతావాళ్ళు వింటూ ఆసరా ఇస్తారు. కానీ బ్యాండ్ లీడర్ మనుషుల్ని పనిలో పెట్టుకుంటాడు, తీసేస్తాడు, అది మర్చిపోకూడదు. ఎవరు మాట్లాడుతున్నారో కూడా చూడాలి. అమెరికా విదేశాంగ శాఖ 1956 నుంచి జాజ్ కళాకారులను తన ప్రజాస్వామ్యానికి రాయబారులుగా విదేశాలకు పంపింది, మొదట డిజ్జీ గిలెస్పీ బృందాన్ని. 1957లో అమెరికాలోని లిటిల్ రాక్ నగరంలో నల్లజాతి పిల్లల్ని స్కూల్లోకి రానివ్వకపోతే, నల్లజాతి జాజ్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్ వెళ్ళడానికి ఒప్పుకోలేదు. పోలికలో వాడుకుంటున్న మనిషి ఆ పోలికకు తిరిగి జవాబు చెప్పిన సందర్భం అది.

ఇప్పుడు రాయడం. సంగీతం దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ఒక గీత గీసుకోండి. కలిసి ఉండటం, వినడం, సమయం పంచుకోవడం, ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఆగడం, తేడాలు ఉంటూనే పని జరగడం, వీటికి అది చక్కగా సరిపోతుంది. నిర్ణయానికి సరిపోదు. పాటలో ఓడిపోయినవాడు ఉండడు. ఎన్నికల్లో ఉంటాడు, 49 శాతం ఓట్లు వచ్చినవాడు మర్నాడు కూడా అదే దేశంలో, తను వద్దన్న చట్టం కింద, పన్ను కడుతూ బతకాలి, వచ్చే ఎన్నిక దాకా ఎదురుచూడాలి. వాద్యకారుడికి నచ్చకపోతే వేరే బృందం చూసుకుంటాడు, పౌరుడికి అది అంత తేలిక కాదు. అందుకే ఓటు, మెజారిటీ, పోలీసు, జైలు, పన్ను గురించి రాస్తున్న పేరాలో స్వరాలు, శ్రుతులు ఎత్తకండి. ఎత్తితే బలవంతం అందంగా కనబడుతుంది, అది మోసం.

పోలిక వాడితే వివరంతో వాడండి. 'మన ప్రజాస్వామ్యం ఒక అందమైన సింఫనీ' అన్న వాక్యం చదివితే ఎవరికీ ఏమీ తెలియదు. దాన్నే 'సభలో ప్రతిపక్షానికి దక్కిన సమయం, ఒక్కరే వాయించే సోలో కోసం ఇచ్చిన నాలుగు వరసల లాంటిది, ఆ వరసలు ఎన్నుండాలో మాత్రం అధికార పక్షమే చెప్పింది' అని రాస్తే, ఎవరు పంచారో, ఎవరికి ఎంత వచ్చిందో కనబడుతుంది, చదివేవాడు ఒప్పుకోవడానికో కాదనడానికో ఒక పట్టు దొరుకుతుంది. ఒక వ్యాసంలో ఒక్క సంగీతమే ఉండనివ్వండి, ఆర్కెస్ట్రాతో మొదలుపెట్టి జాజ్ మీదుగా బృందగానానికి వెళ్తే మూడు వేర్వేరు రాజ్యాంగాలు కలిపేసినట్టే. విభేదాన్ని అపశ్రుతి అనే ముందు, శ్రుతి ఎవరు పెట్టారో ముందే రాశారా చూసుకోండి.

చివర్లో చిత్తు తీసుకుని అందులోని సంగీతం మాటలన్నీ కొట్టేసి ఒకసారి చదవండి. వాదన నిలబడితే, అన్నిటికంటే బాగా పనిచేసిన ఒక్క పోలికను తిరిగి పెట్టుకోండి. కూలిపోతే, పోలిక మీద కాసేపు పని ఆపేసి, వాదన రాయడానికి కూర్చోండి.